ఏ కమ్యూనిటీకమ్మా మేనేజరు?

ఏదో ముంచుకొస్తోందని నాకు మొట్టమొదట అనిపించింది ఒక ఆదివారం పొద్దున్న పదీ ఇరవైకి. అంత కచ్చితంగా ఎలా గుర్తుందంటే, పిల్లలు పాలు తాగారో లేదో కనుక్కుందామని అప్పుడే సెల్‌ఫోన్ చేతిలోకి తీసుకుని టైము చూశాను (పదింటికి ఒకసారి కనుక్కున్నాను. తాగారనే చెప్పారు. అయినా). తలెత్తేసరికి ఎదురుగా బూడిదరంగు సఫారీ సూట్‌లో ఒక పెద్దాయన. చేతిలో కవరు, కవరుకి నాలుగు మూలలా పసుపు. "కమ్యూనిటీ మేనేజర్ గారంటే మీరేనా అమ్మా?" అన్నారు. అవునన్నాను. ఆ మాటని ఎవరైనా కాస్త గౌరవంగా పలికితే బావుండునని ఏడాదిగా ఎదురుచూస్తున్నదాన్ని, సంతోషంగానే అన్నాను. ఆయన కవరు నా ముందు పెట్టి, గొంతు తగ్గించి, "ఫొటో కూడా జతపరచాలా, జాతకం ఒక్కటీ సరిపోతుందా?" అని అడిగారు. నేను కూర్చున్నది కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్ళ సమావేశానికి పేర్లు నమోదు చేసే బల్ల దగ్గర. ఆయన వెనకాల ఇంకో నలుగురున్నారు. నలుగురి చేతుల్లోనూ కవర్లున్నాయి.

నాలుగైదేళ్ళ కిందటి సంగతిని 'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టేంత వయసు నాకు రాలేదు గాని, ఇద్దరు పిల్లల్ని నిద్రపుచ్చి, గ్యాస్ కట్టేశానో లేదో రెండుసార్లు చూసొచ్చి ఇలా రాయడానికి కూర్చుంటే, ఆ సంవత్సరం ఎవరో పక్కింటి అమ్మాయికి జరిగినట్టే ఉంటుంది. అప్పటికి మేము ఢిల్లీ పక్కన వైశాలిలో ఉండేవాళ్ళం. మా ఆయనది గుర్‌గావ్‌లో ఉద్యోగం, తెల్లారకుండానే క్యాబ్ ఎక్కేవారు. పెద్దదానికి ఆరేళ్ళు, చిన్నాడికి నాలుగు. చదువుకున్న చదువంతా పాలు పొంగకుండా చూడ్డానికే సరిపోతోందని నేను గునుస్తుంటే, నోయిడాలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం దొరికింది. ప్రోగ్రాములు రాసేవాళ్ళకి పనికొచ్చే ఒక సాఫ్ట్‌వేర్ అమ్ముతారు వాళ్ళు. దాన్ని వాడేవాళ్ళు సందేహాలు అడుక్కోడానికి, ఒకళ్ళకొకళ్ళు జవాబులు చెప్పుకోడానికి ఇంటర్నెట్‌లో ఒక ఫోరమ్ పెట్టారు. అక్కడ అడిగినవాళ్ళకి జవాబు అందేలా, జవాబు చెప్పేవాళ్ళు కొట్టుకోకుండా, కొత్తగా వచ్చినవాళ్ళు బెదిరిపోకుండా చూడటం నా పని. దాని పేరు కమ్యూనిటీ మేనేజర్. ఒక ఏడాది చూసి పర్మనెంట్ చేస్తామన్నారు. "ఏడాది చూద్దాం. కుదరకపోతే మానేద్దువుగాని" అని మా ఆయనా అన్నారు. కంపెనీ, మొగుడూ ఒకే గడువు పెట్టిన ఉద్యోగం నాది.

ఆ పేరుతోనే వచ్చింది చిక్కంతా. మన వైపు కమ్యూనిటీ అంటే ఒకటే అర్థం. స్కూల్లో చేర్చేటప్పుడు కమ్యూనిటీ సర్టిఫికెట్ అడుగుతారు చూడండి, అది. ఉద్యోగం వచ్చిందని ఊరికి ఫోన్ చేసి చెబితే మా పెద్దత్త "ఏ కమ్యూనిటీకమ్మా మేనేజరు? మన వాళ్ళకేనా?" అంది. అందరికీ అన్నాను. "అందరికీ ఒకళ్ళే ఎలా చేస్తారే?" అని ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది. మా ఆయన మాత్రం "తగాదాలు తీర్చడమేగా, ఊళ్ళో పెద్దమనిషి ఉద్యోగం. జీతం ఇస్తున్నారు, అదే తేడా" అని తేల్చేశారు.

పని చేతకాకపోవడంలో నేనేమీ తక్కువ తినలేదు. నాకు తెలిసిన నిర్వహణ అంతా పిల్లలదే. కాబట్టి ఫోరమ్‌లో ఎవరైనా తెల్లవారుజామున మూడింటికి ప్రశ్న రాస్తే, పొద్దున్న ఆఫీసుకెళ్ళి నేను మొదట రాసే వాక్యం 'మీరు ఇంతసేపు మేలుకుని ఉండటం మంచిది కాదు' అని. వారం రోజులు కనబడని మనిషికి 'ఒంట్లో బావుందా?' అని రాసేదాన్ని. ఒక కుర్రాడు 'మేడమ్, నేను వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్‌కి మారిపోయాను, అంతే' అని బెరుగ్గా జవాబిచ్చాడు. మా బాస్ ఢిల్లీలో పుట్టి పెరిగిన మనిషి. పొద్దున్నే అడుగుపెడుతూనే "ట్రాఫిక్ కైసా హై?" అనేవాడు. చేరిన మొదటి వారమంతా నేను చాలా శ్రద్ధగా, హైవే మీద లారీ ఆగిపోయింది సార్, సిగ్నల్ దగ్గర పావుగంట పట్టింది సార్ అని చెబుతూ వచ్చాను. ఐదో రోజున, ట్రాఫిక్ అంటే ఫోరమ్‌కి ఎంతమంది వచ్చి వెళ్తున్నారో ఆ లెక్క అని పక్క సీటు అమ్మాయి చెవిలో చెప్పింది. అప్పట్నుంచీ ఆయన నాకు ట్రాఫిక్ సార్. ఆయన మాత్రం ఆ ఐదు రోజులూ నేను జోక్ చేస్తున్నానని అనుకున్నాడట.

ఫోరమ్‌లో నన్ను ఏడిపించినవాడు ఒకడున్నాడు. టైగర్ అని పేరు పెట్టుకున్నాడు. తెలివి అమోఘం. ఎంత చిక్కు ప్రశ్నకైనా పది నిమిషాల్లో జవాబిచ్చేవాడు, కాని ఆ పది నిమిషాల్లో అడిగినవాడి పరువు తీసేవాడు. 'నీకు కంప్యూటర్ కొనిచ్చినవాళ్ళని జైల్లో పెట్టాలి' అని ఒకసారి. 'ఈ ప్రశ్న చదివి నా కీబోర్డ్ సిగ్గుపడింది' అని ఇంకోసారి. కొత్తవాళ్ళు అతన్ని చూసి పారిపోయేవాళ్ళు. మందలించమని ట్రాఫిక్ సార్ నన్ను తరిమేవాడు. నేను కఠినంగా నాలుగు పేరాలు రాసి, మళ్ళీ అతని మనసు నొచ్చుకుంటుందేమోనని మూడు పేరాలు కొట్టేసి పంపేదాన్ని. అతను 'నోటెడ్' అని ఒక్క ముక్క రాసేవాడు. ఆ ఒక్క ముక్కకి నాకు అన్నం సహించేది కాదు. అతను ఆరడుగుల మనిషి అయ్యుంటాడనీ, మోటార్ సైకిల్ మీద తిరుగుతాడనీ, ఎక్కడో కనబడి 'నువ్వేనా ఆ మేడమ్' అని అడుగుతాడనీ ఊహించుకుని భయపడేదాన్ని.

పదకొండో నెల వచ్చింది. ట్రాఫిక్ సార్ నన్ను పిలిచి తలుపు వేశాడు (ఆఫీసులో తలుపు వేస్తే శుభవార్త కాదు). ఫోరమ్ వల్ల కంపెనీకి లాభమేమిటని ముంబయిలో ఉన్న పైవాళ్ళు అడుగుతున్నారట. ఈ మనుషులు నిజంగా ఉన్నారో, పేర్లు మార్చుకుని నలుగురే రాస్తున్నారో అని కూడా అన్నారట. "ఒక మీట్ పెట్టండి. నలభై మంది మనుషుల్ని హాల్లో కూర్చోబెట్టి చూపించండి. వస్తే మీ పర్మనెంట్ లెటర్ మీద సంతకం అదే వారం. రాకపోతే..." అని ఆపి, కిటికీలోంచి చూశాడు. "రాకపోతే ఆ పోస్టే ఉండదు. నా చేతుల్లో లేదు." నేను బయటికొచ్చి నా సీట్లో కూర్చుని స్క్రీన్ చూశాను. ముందు రోజు అడిగిన ఏడు ప్రశ్నలకి ఏడుగురు జవాబులు రాశారు. నా పేరు పెట్టి ఒకరు థాంక్స్ చెప్పారు. ఇంట్లో నన్ను అందరూ మమ్మీ అనో, ఏమేవ్ అనో, కోడలు పిల్లా అనో పిలుస్తారు. నా పేరు వాడే చోటు లోకంలో అదొక్కటే. పోతే ఎలాగా అనిపించింది.

హాలుకి కంపెనీ ఇచ్చిన డబ్బుతో నోయిడాలో గొడుగు కూడా అద్దెకి రాదు. అప్పుడు గుర్తొచ్చారు సర్క్యులర్ అంకుల్. మా ఊరి మనిషి, ఏదో మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు, తూర్పు ఢిల్లీ గవర్నమెంటు క్వార్టర్స్‌లో ఉంటారు. అక్కడి తెలుగువాళ్ళందరికీ ఆయనే పెద్ద దిక్కు. ఏం చెప్పినా సర్క్యులర్ రూపంలోనే చెబుతారు. ఇంట్లో వంకాయ కూర వద్దనడానికి కూడా కాగితం టైపు చేయిస్తారని ఆంటీ నవ్వేది. వాళ్ళ కాలనీలో కమ్యూనిటీ హాల్ ఉంది, ఉద్యోగులు అడిగితే తక్కువకే ఇస్తారు. వెళ్ళాను. ఆ సాయంత్రం మా ఇద్దరి మధ్యా జరిగిన సంభాషణ నాకు అక్షరం అక్షరం గుర్తుంది. ఇప్పటికీ పప్పు రుబ్బుతూ రుబ్బుతూ మధ్యలో ఆపి నుదురు కొట్టుకుంటాను.

"ప్రోగ్రాం ఏంటమ్మా?" అన్నారు.

"కమ్యూనిటీ మీట్ అంకుల్. అందరూ ఇంజనీర్లే. రెండేళ్ళుగా కంప్యూటర్‌లో రోజూ మాట్లాడుకుంటున్నారు గాని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. ఎన్నాళ్ళని అలాగ? ఎదురెదురుగా కూచుంటే విషయం ముందుకెళ్తుంది కదా."

"నూటికి నూరుపాళ్ళు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆడపిల్లలు కూడా వస్తారా?"

"తక్కువే అంకుల్, అదే మా బాధ. ఎలాగైనా ఆడపిల్లల సంఖ్య పెంచాలని మా బాస్ పట్టుదల."

"పాపం, మంచివాడిలా ఉన్నాడే! ఇంతకీ ఏ కమ్యూనిటీ అమ్మా?"

"ఓపెన్ కమ్యూనిటీ అంకుల్. ఎవరైనా రావచ్చు. మేం అలాంటి తేడాలేమీ చూడం."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని నన్ను తేరిపార చూశారు. "మీ తరానికున్న ధైర్యం మాకు లేకపోయిందమ్మా" అన్నారు. "మరి పెద్దవాళ్ళు రావచ్చా?"

సీనియర్ ప్రోగ్రామర్ల గురించి అడుగుతున్నారనుకున్నాను. "పెద్దవాళ్ళు తప్పకుండా రావాలి అంకుల్. వాళ్ళు లేకపోతే ఈ కుర్రాళ్ళు వాదించుకుంటారే గాని ఏదీ తేల్చరు."

"అదీ మాట!" అని ఆంటీని పిలిచి, "చూశావటే, ఎంత సమాజసేవ చేస్తోందో ఈ పిల్ల!" అన్నారు. సాఫ్ట్‌వేర్‌ని సమాజసేవ అన్న మొదటి మనిషి ఈయనే కదా అని నేను పొంగిపోయి, ఆంటీ ఇచ్చిన మైసూర్‌పాక్ రెండు తిని ఇంటికొచ్చాను. మర్నాడే ఆయన సర్క్యులర్ వెళ్ళిపోయింది. ఆ కాపీ తర్వాత చూశాను. 'ఇంజనీరింగ్ చదివిన వధూవరుల ఓపెన్ కమ్యూనిటీ పరిచయ సభ. ప్రవేశం ఉచితం. భోజన వసతి కలదు.'

నేనేమో ఇంట్లో కూర్చుని, వచ్చినవాళ్ళు నింపడానికి ఇంగ్లీషులో ఫారం తయారుచేశాను. ఒకటి, పేరు. రెండు, కమ్యూనిటీ పేరు, అంటే ఫోరమ్‌లో వాళ్ళు పెట్టుకున్న పేరు. మూడు, ఎన్నేళ్ళు. నాలుగు, ఎన్నో వెర్షన్. ఐదు, ఇక్కడి నుంచి మీరు ఏం ఆశిస్తున్నారు. ఇంతకన్నా స్పష్టంగా ఎవరు రాయగలరని మా ఆయనకి చూపించాను. ఆయన టీవీ చూస్తూ "బావుంది" అన్నారు. ఆ పాపంలో ఆయనకీ వాటా ఉంది.

మళ్ళీ ఆ ఆదివారానికి వస్తే, పసుపు కవరు పెద్దాయనతో నేను అనవలసిన మాట 'మీరు పొరబడ్డారండీ' అని. కాని నాకు భయమేస్తే ఎదుటివాళ్ళకి సాయం చేసేస్తాను. బల్ల మీద విజిటింగ్ కార్డులు వేయడానికి రంగు కాగితం అంటించిన అట్టపెట్టె ఉంది. "అందులో వేయండి" అని చూపించాను. ఆయన దణ్ణం పెట్టుకుని వేశారు. ఫారం కూడా తీసుకున్నారు. వెనకవాళ్ళు ఆయన్ని చూసి అలాగే చేశారు. ఒకరిద్దరు పెట్టెకి కూడా దణ్ణం పెట్టారు. ఆయన ఫారం నింపుతూ, "మా వాడు బంగారం అమ్మా. పెద్ద కంపెనీలో ఉద్యోగం. నోట్లో నాలుక లేదు. ఒకళ్ళని ఒక మాట అనడు" అని చెబుతూనే ఉన్నారు. పదిన్నరకి పట్టుచీరలు రావడం మొదలయ్యాయి. మధ్యలో బితుకుబితుకుమంటూ జీన్స్ ప్యాంట్లు, భుజాన బ్యాగులు వేసుకున్న మా ఫోరమ్ కుర్రాళ్ళు ఒక్కొక్కళ్ళే వచ్చి, అంతమంది ఆంటీలు తమని పైనుంచి కిందదాకా ఎందుకు చూస్తున్నారో తెలియక, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. "మేడమ్, వీళ్ళందరూ మన మెంబర్లేనా?" అని ఒకడు నన్ను అడిగాడు. "సీనియర్లు" అన్నాను. అబద్ధం కాదు కదా.

పావుతక్కువ పదకొండుకి ట్రాఫిక్ సార్ వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. హాలు కిటకిటలాడుతోంది. ఎవరిని చూసినా ఎవరితోనో మాట్లాడుతున్నారు, కాగితాలు మార్చుకుంటున్నారు, ఫోన్ నంబర్లు రాసుకుంటున్నారు. మాటలన్నీ తెలుగులో, ఆయనకి ఒక్క ముక్క రాదు. "దేఖియే, కిత్నా నెట్‌వర్కింగ్ హో రహా హై!" అని, ఎంత బాగా పరిచయాలు చేసుకుంటున్నారో చూడమంటూ నా వైపు తిరిగాడు. ఏడాదిలో మొదటిసారి ఆయన కళ్ళల్లో తడి చూశాను. నేను నోరు తెరిచాను. "ఏమీ చెప్పకండి, స్టార్ట్ చేయండి" అన్నాడు.

మైకు తీసుకున్నాను. కనీసం మావాళ్ళెవరో తేల్చుకుందామని, ఫోరమ్ పేర్లు ఒక్కొక్కటే పిలుస్తాను, చెయ్యెత్తండి అన్నాను. నాలుగైదు పేర్లయ్యాయి. గొంతు సవరించుకుని "టైగర్" అన్నాను. వెనక గోడ దగ్గర, కళ్ళజోడు పెట్టుకున్న సన్నటి కుర్రాడు, చొక్కా గుండీ మెడదాకా పెట్టుకున్నవాడు, మెల్లగా చెయ్యెత్తాడు. ఏడాదిపాటు నాకు నిద్ర లేకుండా చేసిన మనిషి అదిగో అని నేను గుడ్లప్పగించి చూస్తుండగానే, ముందు వరసలోంచి సఫారీ సూట్ పెద్దాయన దిగ్గున లేచారు.

"ఒరే బుజ్జీ! నువ్వేంట్రా ఇక్కడ?"

"నాన్నా?" అన్నాడు టైగర్. ఆ గొంతు పిల్లి గొంతులా ఉంది. "మీరు... మీరేంటి ఇక్కడ?"

"నీ పెళ్ళి గురించేరా వచ్చాను! ఆదివారం కూడా ఆఫీసులో అర్జెంటు పనుందన్నావే నువ్వు? ఈవిడ నీకు ముందే తెలుసా?"

"మా కమ్యూనిటీ మేనేజర్ నాన్నా, కాస్త కూచోండి ప్లీజ్..."

"అంటే నాకు చెప్పకుండా నువ్వే పేరిచ్చుకున్నావా! ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళ నుంచి నాన్నా, కాని అది..."

"రెండేళ్ళా!" ఆయన కూలబడ్డారు. పక్కావిడ ఆయనకి మంచినీళ్ళిచ్చింది. అంతలో ఒక ఢిల్లీ కుర్రాడు పక్కనున్న తెలుగు కుర్రాడిని పైకే అడిగాడు. "భాయ్, బుజ్జీ కా మత్‌లబ్ క్యా హోతా హై?" బుజ్జీ అంటే అర్థమేంటట. ఆ తెలుగు కుర్రాడు చెప్పాడు. వెనక గోడ గోడంతా విరగబడి నవ్వింది. పరువు పోగొట్టుకుని ఫోరమ్ వదిలి వెళ్దామనుకున్నవాళ్ళు కనీసం ఇద్దరు ఆ గుంపులో ఉన్నారు, వాళ్ళు అందరికన్నా ఎక్కువ నవ్వారు. టైగర్ ఎర్రబడిపోయి, చివరికి తనూ నవ్వేశాడు. (ఆ రోజు నుంచీ ఫోరమ్‌లో అతను ఎప్పుడు నోరు పారేసుకున్నా, కింద ఎవరో ఒకరు 'బుజ్జీ, అలా అనకూడదు' అని రాసేవారు. అంతే, చల్లబడిపోయేవాడు. నా పేరాలన్నీ ఏడాదిలో చెయ్యలేని పని అది.)

సర్క్యులర్ అంకుల్‌ని హాలు వెనక్కి తీసుకెళ్ళి విషయం చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. "అయితే కమ్యూనిటీ అంటే కమ్యూనిటీ కాదా అమ్మా?" అన్నారు. కాదన్నాను. "ఓపెన్ అంటే?" అది కూడా కాదన్నాను. ఆయన పాపం ఏమీ కోప్పడలేదు. హాలు వైపోసారి చూసి, "అయినా ఇంతమంది వచ్చారు. ఇప్పుడు పంపించేస్తే ఏం బావుంటుందమ్మా? భోజనాలు కలవని రాశాను కూడా. వాళ్ళు ఆ పక్క మాట్లాడుకుంటారు, మీ వాళ్ళు ఈ పక్క మాట్లాడుకుంటారు" అన్నారు. అలాగే హాలు రెండుగా చీలింది. ఒక పక్క నక్షత్రాలు, ఇంకో పక్క ప్రోగ్రాములు. మధ్యలో ట్రాఫిక్ సార్ రెండు వైపులా చూసి సంతోషిస్తూ తిరిగాడు. భోజనాలప్పుడు పెద్దవాళ్ళకి ముందు దారివ్వడం మనవాళ్ళకి అలవాటు కనుక, యాభై మందికి చెప్పిన పూరీలూ ఛోలే మొదటి బంతికే ఐపోయాయి. మా కుర్రాళ్ళకి పులావు మిగిలింది, అదీ అడుగున.

మధ్యాహ్నం రెండున్నరకి ట్రాఫిక్ సార్ ఫారాలు లెక్కపెట్టాడు. ఎనభై నాలుగు. "నలభై అడిగితే ఎనభై నాలుగు!" అని రెండుసార్లు అన్నాడు. వెంటనే ఫోన్ తీసి ముంబయి నంబరు నొక్కడం మొదలుపెట్టాడు. "ఇప్పుడే చెబుతాను. రేపే మీ లెటర్."

ఆ నంబరులో ఎన్ని అంకెలున్నాయో అన్ని అంకెల వ్యవధి ఉంది నాకు. నోరు మెదపకుండా నిలబడితే చాలు. ఫారాలు ఉన్నాయి, సంతకాలు ఉన్నాయి, హాలు నిండిందన్న మాటా నిజమే. మా ఆయనతో చెప్పవచ్చు, పెద్దత్తకి చెప్పవచ్చు, రేపు పొద్దున్న నా సీట్లో నేను కూర్చోవచ్చు. ముంబయి వాళ్ళు వచ్చి లెక్కపెడతారా ఏమన్నానా! నా మనసులో ఇవన్నీ చాలా వేగంగా తిరిగాయి. నేనంత నీతిమంతురాలినేమీ కాదు, పిల్లల స్కూలుకి లేటయితే ట్రాఫిక్ జామ్ అని డైరీలో రాసి సంతకం పెట్టిన చెయ్యి ఇది. కాని వచ్చే నెల ఆయన ఆ ఎనభై నాలుగుమందినీ మళ్ళీ చూపించమంటాడన్న భయం నీతి కంటే ముందు లేచింది. దాని వెనకాలే, గోడకానుకుని కూర్చున్న ఆ కొద్దిమందీ కనిపించారు. వీళ్ళు నిజంగా ఉన్నారని చూపించడానికే కదా ఇదంతా, వీళ్ళనే ఆ గుంపులో కలిపేస్తే ఎలాగ అనిపించింది.

"సార్, ఫోన్ పెట్టేయండి" అన్నాను. తెలుగులో అన్నాను. అయినా ఆయనకి అర్థమైంది.

ఒక ఫారం తీసి చేతిలో పెట్టాను. ఆయన పైకి చదివాడు. కమ్యూనిటీ పేరు: కాశ్యప. ఎన్నేళ్ళు: ఇరవై ఏడు నిండి ఇరవై ఎనిమిది. ఆశిస్తున్నది: సన్నగా, పొడవుగా, అత్తమామలతో సర్దుకుపోయే అమ్మాయి. ఆయన ఇంకోటి తీశాడు. మళ్ళీ కాశ్యప. మూడోది ఎవరో పెద్దమనిషిది. 'ఎన్నో వెర్షన్' అన్నచోట 'రెండు' అని రాసి, పక్కన చిన్న అక్షరాల్లో 'మొదటిది చట్టప్రకారం ముగిసినది' అని ఉంది.

"కాశ్యప అంటే గోత్రం సార్" అన్నాను.

"గోత్రమని నాకు తెలుసు. మాదీ అదే." ఆయన కుర్చీలో కూర్చున్నాడు. చాలాసేపు ఫారాల కట్ట మీద వేళ్ళతో తాళం వేశాడు. "మనవాళ్ళెంతమంది?"

"పంతొమ్మిది."

"పంతొమ్మిది" అని తనూ అన్నాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే ఏడవడానికి సిద్ధంగా ఉన్నాను కూడా. ఆయన గోడ వైపు చూశాడు. పెళ్ళివారంతా వెళ్ళిపోయారు. చౌకీదారు కుర్చీలు మడిచి ఒకదాని మీద ఒకటి పెడుతున్నాడు. మావాళ్ళు మాత్రం జంపఖానా మీద గుండ్రంగా కూర్చుని, ఒక లాప్‌టాప్ చుట్టూ తలలు చేర్చి వాదించుకుంటున్నారు. టైగర్ ఎవరికో ఏదో చెబుతున్నాడు, చేతులు తిప్పుతూ, మెల్లగా. చౌకీదారు వాళ్ళ కింద జంపఖానా లాగుతున్నాడు. ఒకళ్ళూ లేవడం లేదు. "యే లోగ్ జాతే క్యోఁ నహీఁ?" అన్నాడు ట్రాఫిక్ సార్, తనలో తనే. వీళ్ళు వెళ్ళరేం అని. తర్వాత పెన్ను తీసి ఒక కాగితం మీద పంతొమ్మిది అని వేసి, కింద గీత గీశాడు. "ముంబయికి ఇదే చెబుతాను. లెటర్ రాదు. ఇంకో ఆరు నెలలు అడిగి చూస్తాను, ఇస్తారో లేదో తెలీదు. ఇస్తే నలభై మంది కావాలి. అసలువాళ్ళు." లేస్తూ, "ఆ ఫారం మాత్రం మళ్ళీ మీరు తయారుచేయకండి" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి ఆరున్నర. షేర్ ఆటోలో ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుని, ఏడవాలో నవ్వాలో తేల్చుకోలేక, ఒడిలో ఉన్న అట్టపెట్టె తెరిచి చూశాను. అడుగున ఒకే ఒక విజిటింగ్ కార్డు ఉంది, దానికీ పసుపు అంటుకుంది. కవర్లన్నీ అప్పటికే సర్క్యులర్ అంకుల్‌కి ఇచ్చేశాను. అందులో మూడు సంబంధాలు మాటలదాకా వెళ్ళాయని తర్వాత తెలిసింది. టైగర్‌కి మాత్రం కుదరలేదు. ఆరు నెలలైతే ఇచ్చారు. ఆ తర్వాత ఏమైందో అది వేరే బెంగ.

ఆ రోజు ఆ బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయిని తల్చుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. ఫోన్ ఒక చేత్తో, పసుపు కవర్లు ఒక చేత్తో పట్టుకుని, లోకంలో ఉన్న అందరి పాలూ అందరి పూరీలూ తన బాధ్యతే అనుకున్న పిల్ల. వెళ్ళి భుజం తట్టి, కాసేపు కూర్చోవే, ఏమీ మునిగిపోదు అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేది కాదు. ఎందుకంటే మర్నాడు పొద్దున్న జడ వేయించుకుంటూ మా పెద్దది, "మమ్మీ, పాపా బోలే హాల్ ఫుల్ థా. కిత్నే లోగ్ ఆయే?" అని అడిగింది. హాలు నిండిందని నాన్న చెప్పారట, ఎంతమంది వచ్చారని. పంతొమ్మిది అన్నాను. "బస్?" అంది అది, అంతేనా అన్నట్టు మొహం ముడుచుకుని. చిన్నాడు పాల గ్లాసులోంచి తలెత్తి, "ఉన్నీస్ తక్ తో ముఝే భీ ఆతా హై!" అన్నాడు, పంతొమ్మిది దాకా వాడికీ లెక్క వచ్చట. వాళ్ళిద్దరికీ నేను చెప్పింది ఇదీ. "పంతొమ్మిది మంది వచ్చారు. అందరి పేర్లూ నాకు తెలుసు. వాళ్ళలో ఇద్దరు పులావు కూడా దొరక్క ఏమీ తినకుండా వెళ్ళిపోయారు. ఆఫీసుకెళ్ళగానే ముందు వాళ్ళకి ఉత్తరం రాయాలి. కాబట్టి తొందరగా కానివ్వండి, నాకు లేటవుతోంది."